బతుకమ్మ ఆట ఫొటోలు మసకగా వస్తున్నాయా?
సద్దుల బతుకమ్మ సాయంత్రం తీసిన ఫొటోల్లో ఆడేవాళ్ల చేతులు, ముఖాలు మసకగా వచ్చాయన్నారు కదండీ. టెన్షన్ పడకండి, తప్పు లెన్స్‌ది కాదు. మీరు పెట్టిన 1/60 సెకను షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్లకు చాలదు. కనీసం 1/250 పెట్టండి. అప్పుడు లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది కాబట్టి, మీ 50 ఎంఎం లెన్స్‌ రంధ్రాన్ని ఎఫ్/2 దాకా పెద్దగా తెరిచి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 వరకు పెంచండి. ఫొటోలో కాస్త గ్రెయిన్ (సన్నని చుక్కలు) వచ్చినా ఫర్వాలేదు, మసకైన ముఖాన్ని తర్వాత బాగుచేయడం కష్టం. ఎదురుగా ఫ్లాష్ మాత్రం కొట్టొద్దు, తంగేడు పూల పసుపు పాలిపోతుంది.

నన్నడిగితే, చీకటి పడకముందే, ఇంట్లో పూలు పేరుస్తున్నప్పుడే వెళ్లండి. పిల్లల మంచి ఫొటోలు అక్కడే దొరుకుతాయి. వాళ్ల అమ్మనడిగి, వాకిట్లో వాళ్ల పక్కనే నేల మీద కూర్చుని, కెమెరాను వాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకోండి. తర్వాత ఒక ప్రింట్ తప్పకుండా పంపండి.