తెలుగు టీవీ లోగోల చరిత్ర రాయబోతున్న మా మేనల్లుడికి

నల్లగొండ

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. మన తెలుగు టీవీలో కార్యక్రమాలకు ముందు తిరుగుతూ, మెరుస్తూ వచ్చే లోగోల చరిత్ర రాస్తావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. ఇన్నేళ్లూ టీవీలు, వీసీఆర్‌లు బాగు చేసి బతికినవాణ్ని కాబట్టి నీకు కొన్ని సంగతులు చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. లోగో ఉన్న ముక్కను మాత్రమే కత్తిరించి దాచుకోకు, క్యాసెట్ మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించు. లోగో మీద తేదీ ఉండదు, దాని పక్కన ఉంటుంది. ముందు వచ్చిన సినిమా ప్రకటనలో ‘నేడే విడుదల’ అని ఉంటే ఆ రోజు దొరికినట్టే. వెనక వార్తలు ఉంటే వారం తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో పది సెకన్ల ముక్కలు చాలానే ఉన్నాయి. వాటి కింద ఎవరికి తోచిన సంవత్సరం వాళ్లు రాశారు. అటూ ఇటూ కోసేశాక ఇక తేల్చుకునే దారి లేదు.

క్యాసెట్లు ఎక్కడ దొరుకుతాయంటావా? పెళ్లి క్యాసెట్లు అడుగు. చివర మిగిలిన టేపు మీద శుక్రవారం చిత్రలహరి పాటల కార్యక్రమం రికార్డు చేసుకున్న ఇళ్లు దేవరకొండలో, మిర్యాలగూడలో నాకు తెలుసు. ఊరికే అడిగితే ఎవరూ ఇవ్వరు. వాళ్ల పెళ్లి భాగాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఇస్తానని చెప్పు, సంతోషంగా ఇస్తారు. ఆ పెళ్లి బొమ్మలు మాత్రం ఎవరికీ చూపించకు, అది వాళ్ల సొంతం.

చేతికి రాగానే క్యాసెట్ వెనక ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకు విరిచెయ్యి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి మచ్చలు కనిపిస్తే అది బూజు. దాన్ని వీసీఆర్‌లో పెట్టావంటే టేపును చదివే హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే మంచి క్యాసెట్లకు కూడా పాకుతుంది. అలాంటివి విడిగా కవర్లో కట్టి పెట్టు, వాటి పని తర్వాత చూద్దాం.

ఎక్కించేటప్పుడు చాలామంది పాడుచేసేది కదలికనే. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 బొమ్మలు. ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా, అంటే సెకనుకు 50 సార్లు తెర మీదికి వస్తుంది. చవక పరికరాలు అందులో ఒక సగాన్ని పారేస్తాయి. మామూలు మాటల కార్యక్రమంలో అది తెలియదు గానీ, గిర్రున తిరిగే లోగోలో వెంటనే తెలుస్తుంది, కుదుపులు కనిపిస్తాయి. నువ్వు చరిత్ర రాసేదే ఆ కదలిక గురించి కదా! అందుకని రెండు సగాలూ ఉన్నదున్నట్టుగా భద్రం చెయ్యి. డీవీ అనే డిజిటల్ వీడియో పద్ధతిలో గంటకు సుమారు 13 జీబీ పడుతుంది, వెనకాడకు. వెడల్పు కూడా సాగదీయొద్దు. పాత తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3. గుండ్రని లోగో కోడిగుడ్డులా కనిపించిందంటే ఎవరో సాగదీశారని అర్థం.

ప్రతి లోగోకూ అది ఎలా కదిలింది, ఎందుకు అలాగే కదిలింది అని రాయి. దూరదర్శన్ కన్ను లోగో తీసుకో. బొమ్మ గీసింది అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్.ఐ.డి. విద్యార్థి దేవాశిష్ భట్టాచార్య. దాన్ని కదిలించింది అదే సంస్థలో ఆర్.ఎల్. మిస్త్రీ. కంప్యూటర్ లేదు. బొమ్మ నకళ్లను కెమెరా కింద పెట్టి, తిప్పుతూ షూట్ చేసి, చివరికి కన్ను ఏర్పడేలా చేశారు. నాలుగు సెకన్ల కదలికకు వంద ఫ్రేములు కావాలి, లెక్క వేసుకో. పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ ఆ ట్యూన్ కట్టారు. 1976 ఏప్రిల్ 1న, ఆకాశవాణి నుంచి దూరదర్శన్ విడిపోయిన రోజున, అది తెర మీదికి వచ్చింది. ఆ నిదానం, ఆ తిరుగుడు కెమెరా స్టాండు కింద చేసిన పనిలోంచి పుట్టినవి. తర్వాత కంప్యూటర్లు వచ్చాక అక్షరాలు లోహంలా మెరుస్తూ ఎగురుకుంటూ రావడం మొదలైంది. నాకు పాతదే ఎక్కువ ఇష్టం, కానీ నువ్వు రెండిటికీ సమానంగా చోటివ్వు.

కథను హైదరాబాద్ కేంద్రం వచ్చిన 1977తో మొదలుపెట్టకు. మన పాలమూరుతో మొదలుపెట్టు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ చూపించారు. అందులో మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లు కూడా ఉన్నాయి. కోళ్ల జాలీతో చేసిన పది అడుగుల యాంటెనా, ఊరంతటికీ ఒకటే నలుపు తెలుపు సెట్టు, పొద్దున పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అప్పుడు బడిపిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవైకి అటూ ఇటూ ఉంటాయి. ముందు వాళ్ల దగ్గరికి పో.

వాళ్లను ‘ఏ సంవత్సరం’ అని అడగొద్దు. ‘రామాయణం సీరియల్‌కు ముందా, తర్వాతనా? ఇందిరమ్మ చనిపోయినప్పుడు ఇంట్లో టీవీ ఉందా?’ అని అడుగు. ఒకటి 1987-88, ఇంకొకటి 1984, మధ్యలో నీకు చోటు దొరుకుతుంది. 1984 ప్రాంతంలో పెట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్లలో చాలావాటికి మొదట్లో ఢిల్లీ కార్యక్రమాలే వచ్చేవి. కాబట్టి ‘తెలుగు లోగో చూడలేదు’ అన్నవాళ్లు మరిచిపోయారనుకోకు. 1982లో రంగులు వచ్చినా చాలా ఇళ్లలో సెట్టు నలుపు తెలుపే, లోగో రంగు గురించి వాళ్లను నమ్ముకోవద్దు.

1995 తర్వాత పని తేలిక. జెమిని, ఈటీవీ ఆ ఏడాదే వచ్చాయి, రికార్డింగులు చాలా ఉన్నాయి. అయితే 2014ను వదలకు. హైదరాబాద్ దూరదర్శన్ పేరు అప్పుడు యాదగిరి అయింది, అప్పటికి యాదగిరిగుట్ట మన నల్లగొండ జిల్లాలోదే.

దసరా సెలవులకు రా. కనీసం రెండు టీబీ ఖాళీ డిస్క్, వీసీఆర్ బొమ్మను కంప్యూటర్ వైపు తీసుకెళ్లే ఎస్-వీడియో వైరు తెచ్చుకో. వీసీఆర్ హెడ్ తుడిచి సిద్ధంగా పెడతా. నా దగ్గరున్న వాటిలో బూజు లేనివి ఏరి, వాటితో మొదలుపెడదాం.

మీ మామ