సింగపూర్, మలేషియా సంబంధాలు చదివితే ఉద్యోగం వస్తుందా?

రాజమండ్రి నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీకాం ఫైనలియర్. సీఏ చేయమంటే వద్దని, ఎం.ఏ. అంతర్జాతీయ సంబంధాలు చదువుతానంటోంది. అందులోనూ సింగపూర్, మలేషియాల మధ్య వ్యవహారాలంటే ఇష్టమట. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా? నాకు చాలా టెన్షన్‌గా ఉంది."

మీ భయంలో నిజం ఉందండీ, ముందు అదే చెబుతాను. ఆ రెండు దేశాల విదేశాంగ శాఖల్లో దౌత్య ఉద్యోగాలు వాళ్ల పౌరులకే. మన ఫారిన్ సర్వీసుకైతే సివిల్స్ రాయాలి, పోస్టులు ఏటా పదుల్లోనే ఉంటాయి, వచ్చినా ఏ దేశానికి పంపుతారో మన చేతిలో ఉండదు. ఎం.ఏ. పట్టా ఒక్కటే పట్టుకుని బయటికొస్తే కష్టమే. కానీ బీకాం చదివిన పిల్ల దీని మీద మనసు పడటం నాకు మంచి సంగతే అనిపించింది, ఎందుకంటే ఆ రెండు దేశాల గొడవలూ రాజీలూ చాలావరకు లెక్కల చుట్టూ, కాగితాల చుట్టూ తిరిగేవే.

నీళ్ల సంగతి చూడండి. 1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయింది కానీ, నీళ్ల కోసం పక్కనే ఉన్న మలేషియా రాష్ట్రం జోహోర్‌లోని నది మీద ఆధారపడటం మాత్రం పోలేదు. 1962 నాటి ఒప్పందం ప్రకారం రోజుకు 25 కోట్ల గ్యాలన్ల వరకు తోడుకోవచ్చు. వెయ్యి గ్యాలన్లకు సింగపూర్ ఇచ్చేది 3 సెన్లు, అంటే మలేషియా కరెన్సీ రింగిట్‌లో నూటికి మూడు వంతులు. శుద్ధి చేసిన నీళ్లు కొన్ని తిరిగి జోహోర్‌కే 50 సెన్లకు అమ్ముతుంది. ఇదేం ధర అని మలేషియా ఎప్పట్నుంచో అడుగుతోంది, 2018లో మహతీర్ మళ్లీ ప్రధాని అయ్యాక ఇంకా గట్టిగా అడిగింది. ధర మార్చమనే హక్కు 1987లో ఉండేది, అప్పుడు మీరు వాడుకోలేదు, పైగా శుద్ధికి మాకయ్యే ఖర్చు 50 సెన్ల కంటే ఎక్కువే అని సింగపూర్ జవాబు. ఒప్పందం 2061 వరకు ఉంది. ఇందులో ఎవరి వాదన ఎంత నిలుస్తుందో చెప్పాలంటే చరిత్ర తెలియాలి, ఒప్పందంలో ఏం రాసుందో చదవాలి, ఖర్చు లెక్కగట్టడం (కాస్టింగ్) రావాలి. ఆ మూడోది మీ అమ్మాయి ఇప్పటికే చదువుకుంది, ఎం.ఏ.లో ఆమె పక్కన కూర్చునేవాళ్లలో చాలామందికి అది రాదు.

2022 జూన్ 1న మలేషియా తన దగ్గర ధరలు పెరిగాయని కోళ్ల ఎగుమతి ఆపేసింది. అంతకుముందు ఏడాది సింగపూర్‌కి వచ్చిన కోడిమాంసంలో దాదాపు మూడోవంతు అక్కడిదే, దాంతో ఆ నెలాఖరుకల్లా ఇండోనేషియా నుంచి తెచ్చుకోవడానికి అనుమతి ఇచ్చారు. అలాంటి రోజున సరుకు ఎక్కడ దొరుకుతుంది, ఏ అనుమతులు కావాలి అని కంపెనీకి చెప్పగలిగే మనిషికే గిరాకీ.

ఇప్పుడు అలాంటి పని పెరిగే అవకాశం కనిపిస్తోంది. 2025 జనవరి 7న రెండు ప్రభుత్వాలు జోహోర్–సింగపూర్ ప్రత్యేక ఆర్థిక మండలి ఒప్పందం మీద సంతకాలు చేశాయి, మొదటి ఐదేళ్లలో 50 ప్రాజెక్టులు, 20 వేల నైపుణ్య ఉద్యోగాలు లక్ష్యమన్నాయి. లక్ష్యం పెట్టుకున్నంత మాత్రాన ఉద్యోగాలు వచ్చేసినట్టు కాదు. కానీ ఫ్యాక్టరీ జోహోర్‌లో, ఆఫీసు సింగపూర్‌లో పెట్టుకునే కంపెనీకి రెండు వైపుల పన్నులూ కస్టమ్సూ తెలిసినవాళ్లు తప్పనిసరి.

అయితే సింగపూర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంట్ల మాట వినకండి. అక్కడ విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి, ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి 2025 జనవరి నుంచి నెలకు కనీసం 5,600 సింగపూర్ డాలర్ల జీతం ఉండాలి, వయసుతో పాటు అదీ పెరుగుతుంది, దాని మీద పాయింట్ల లెక్క వేరే. చదువు అవ్వగానే అందేది కాదు. మొదటి ఉద్యోగం ఇక్కడే వెతుక్కోవాలి: సరుకు రవాణా చూసే ఫ్రైట్ ఫార్వర్డింగ్ కంపెనీలు, కస్టమ్స్ బ్రోకర్లు, బ్యాంకుల్లో ట్రేడ్ ఫైనాన్స్. మీకు దగ్గర్లోనే కాకినాడ నూనె రిఫైనరీలకు మలేషియా, ఇండోనేషియా పామాయిల్ వస్తుంది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మనకున్న వాణిజ్య ఒప్పందం కింద సుంకం తగ్గాలంటే సరుకు విలువలో కనీసం 35 శాతం ఒప్పంద దేశాలదై ఉండాలి, దానికి సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కావాలి. ఆ కాగితం చదవడం ఒక ఏడాది చేతులతో నేర్చుకుంటే, తర్వాత ఏ దేశపు ఒప్పందమైనా భయపెట్టదు.

చదువు విషయానికొస్తే, జేఎన్‌యూలో ఎం.ఏ.కి సీయూఈటీ పీజీ రాయాలి. విషయం లోతుగా కావాలంటే అదే మంచి చోటు. ఉద్యోగం ముఖ్యమైతే ఐఐఎఫ్‌టీలో ఇంటర్నేషనల్ బిజినెస్ ఎంబీఏ, దానికి క్యాట్ రాయాలి, కాకినాడలో క్యాంపస్ కూడా ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి నా ఓటు ఐఐఎఫ్‌టీకే. ఏది చదివినా మలయ్ భాష ఇప్పుడే మొదలుపెట్టమనండి. రోమన్ లిపిలోనే రాస్తారు కాబట్టి చదవడం త్వరగా వస్తుంది, మన దగ్గర ఆ భాష తెలిసిన అభ్యర్థులు చాలా తక్కువ.

ఈ సెలవుల్లో నీళ్ల ఒప్పందం మీద ఆమెను రెండు వైపుల వాదనలతో ఐదు పేజీలు రాయమనండి, మీరూ కూర్చుని చదవండి. రాస్తున్నకొద్దీ ఇంకా తవ్వాలనిపిస్తే ఆపకండి. విసుగొస్తే మాత్రం సీఏ దారి ఎక్కడికీ పోదు, బీకాంలో 55 శాతం ఉంటే మొదటి మెట్టు ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌లో చేరొచ్చు.