పీఎఫ్ డబ్బుతో బంగారు బిస్కెట్లు కొనవచ్చా?

ప్రశ్న: విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో ముప్ఫై ఏళ్లు పనిచేసి, 60 ఏళ్లు నిండాక మానేశాను. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 26 లక్షలు వచ్చాయి. పింఛను నెలకు 4,200 రూపాయలు. ఇంటి ఖర్చు 18,000. సొంత ఇల్లుంది, అప్పుల్లేవు. నరసన్నపేటలో మా బావమరిది ఐదేళ్ల క్రితం కొన్న బంగారు బిస్కెట్ల విలువ రెట్టింపు దాటింది. సరుకుల ధరలు పెరిగేకొద్దీ వడ్డీ డబ్బు చాలదేమోనని భయం, అందుకే నేనూ 10 లక్షలకు కొని లాకర్లో పెడదామనుకుంటున్నాను. మా ఆవిడకు 12 తులాల నగలున్నాయి, వాటిని లెక్కలో వేయలేదు.

జవాబు: ఆ ఆఖరి మాట దగ్గరే ఆగాను. తులమంటే పాత తూకంలో 11.66 గ్రాములు, నేటి అంగడి లెక్కలో 10. తక్కువలో తక్కువ 120 గ్రాములు. తరుగు, మజూరీ వదిలేసినా వాటి విలువ పది లక్షలు ఎప్పుడో దాటింది. అవి ఆవిడ సొత్తు, అమ్మమని నేను చెప్పను. అయితే ఇల్లు కాక మీ కుటుంబానికున్న ఆస్తిలో నాలుగో వంతుకు పైగా ఇప్పటికే బంగారం. మీరనుకున్నట్టు చేస్తే అది సగం దాటుతుంది.

ఇప్పుడు నెల ఖర్చు చూద్దాం. ఇది రాస్తున్న నాటికి పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి చేతికొస్తుంది, చేరిన రోజు రేటే ఐదేళ్లూ ఉంటుంది. బంగారానికి 10 లక్షలు పోగా మిగిలిన 16 లక్షలూ అందులో వేస్తే నెలకు సుమారు 10,900. పింఛనుతో కలిపి 15,100. అంటే నెలనెలా దాదాపు 2,900 లోటు. పైగా ఆసుపత్రి ఖర్చు వస్తే తీయడానికి పక్కన పైసా ఉండదు. అప్పుడు బిస్కెట్ బయటికి తీయాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

పల్లెలో అవసరం పడితే మనం నగను అమ్మం, తాకట్టు పెడతాం. బిస్కెట్‌కు ఆ సౌకర్యం లేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం బ్యాంకులు బంగారు కడ్డీలు, బిస్కెట్ల మీద అప్పు ఇవ్వకూడదు. నగల మీద ఇస్తాయి, బ్యాంకులు అమ్మిన నాణేల మీదైతే 50 గ్రాముల వరకు ఇస్తాయి. కాబట్టి లక్ష రూపాయలు కావాలన్నా బిస్కెట్ మొత్తం అమ్ముకోవాల్సిందే, అదీ ఆనాటి ధరకు. కొన్నప్పుడు కట్టిన 3 శాతం జీఎస్టీ, మీ 10 లక్షల్లో సుమారు 29 వేలు, తిరిగి రాదు.

లాకరు సంగతీ వినండి. దొంగతనం, అగ్నిప్రమాదం, సిబ్బంది మోసం వంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. అద్దె 2,000 అనుకుంటే 2 లక్షలు. వరద, పిడుగు లాంటి వాటికి సాధారణంగా అదీ ఉండదు. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు చూసిన మనకు ఇది చిన్న విషయం కాదు.

బావమరిది గారి లాభాన్ని కాదనను. ఆయన కొన్న సమయం బాగుంది. 2011లో అంతర్జాతీయ విపణిలో ఔన్సు సుమారు 1,900 డాలర్లకు చేరిన బంగారం 2015 చివరికి 1,050 దగ్గరికి జారింది, మళ్లీ ఆ పాత ధర దాటడానికి 2020 దాకా పట్టింది. రూపాయి పడిపోవడం వల్ల మన దగ్గర ఆ దెబ్బ కొంత తగ్గింది, అంతే. జీతం వచ్చేవాడు తొమ్మిదేళ్లు ఆగగలడు. మీరు ఆగగలరా?

నేనైతే 20 లక్షలు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తాను. మూడు నెలలకు 41,000 వస్తుంది, పింఛనుతో కలిపితే నెల ఖర్చుకు ఇంచుమించు సరిపోతుంది. మూడున్నర లక్షలు బ్యాంకు డిపాజిట్‌గా, ఒకేచోట కాకుండా మూడు నాలుగు రసీదులుగా ఉంచుతాను, అవసరమైనప్పుడు ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. బంగారం పూర్తిగా మానడానికి మనసు ఒప్పుకోకపోతే, మిగిలిన రెండున్నర లక్షలకు కొనండి. ధరలు పెరిగేకొద్దీ 8.2 శాతం వడ్డీ చిన్నబోతుందన్న మీ భయంలో నిజముంది గనక వద్దనను. ఒకేసారి కాకుండా ఏడాదిలో నాలుగు విడతలుగా, రెండు నుంచి ఐదు గ్రాముల నాణేలు చాలు. బ్యాంకులో కొంటే తాకట్టుకు పనికొస్తాయి, కానీ బ్యాంకు వాటిని తిరిగి కొనదు, అమ్మాలంటే అంగడికే వెళ్లాలి. బంగారం ధరను బట్టి విలువ మారే ప్రభుత్వ పసిడి బాండ్ల కొత్త జారీ 2024 ఫిబ్రవరి తర్వాత లేదు. ఫోన్ యాప్‌లలో పది రూపాయలకు అమ్మే డిజిటల్ బంగారం తన నియంత్రణలో లేదని షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది, దాని జోలికి వెళ్లవద్దు.

పోస్టాఫీసుకు వెళ్లేటప్పుడు చెక్కు పట్టుకెళ్లండి, లక్ష దాటితే నగదు తీసుకోరు. ఖాతా మీ ఆవిడతో కలిపి ఉమ్మడిగా తెరవవచ్చు, ఆమెకు 60 నిండకపోయినా ఫర్వాలేదు.