పలకను ఇంజను నుంచి విడదీయకు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు మూడు నెలలు సెలవు పెట్టి, గనుల్లో, చక్కెర మిల్లుల్లో, కాగితం మిల్లుల్లో పనిచేసిన పాత ఆవిరి ఇంజన్లు ఎక్కడెక్కడ మిగిలాయో వెతుక్కుంటూ తిరుగుతానంటున్నావట. "దానికి నువ్వైనా చెప్పక్కా" అన్నాడు. వద్దని చెప్పమని వాడి ఉద్దేశం. నేను వద్దనను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు, ఒకసారి భయం, ఒకసారి సంతోషం. మీ తాత పాతికేళ్లు బొగ్గు సైడింగులో వ్యాగన్లని అటూఇటూ నెట్టే షంటింగ్ ఇంజను నడిపాడు. ఆయన మనవరాలు వాటికోసం బయల్దేరుతోందని విన్నాక, పొద్దున్నే లేచి ఆయన ఫోటో తుడిచాను.

నీళ్లు, టోపీ, గట్టి బూట్లు, టార్చి, పర్మిషన్ లెటరు నాలుగు కాపీలు. మే నెలలో మా చంద్రపూర్, బల్లార్షా వైపు అస్సలు రాకు, ఆ ఎండకి ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వీటి గురించి ఇంతకన్నా చెప్పను, నువ్వు తెలివైనదానివి.

తెల్ల పీచు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత ఇంజను బాయిలర్ మీద పైరేకు ఊడి ఉంటే, దాని కింద పాత దుప్పటి చిరిగినట్టు బూడిదరంగులో ఏదో వేలాడుతుంటుంది. వేడి బయటికి పోకుండా చుట్టిన ఆస్బెస్టాస్ అది. దాన్ని ముట్టుకోకు, ఊదకు, ఫోటో బాగా రావాలని చేత్తో పక్కకి తొయ్యకు. గాలి వీస్తుంటే ఆ వైపు నిలబడకు. మీ తాత దాన్ని ఉత్త చేతులతో నీళ్లలో కలిపి బాయిలర్‌కి మెత్తేవాడు, ఆ బట్టలతోనే ఇంటికొచ్చేవాడు, మేం ఆయన ఒళ్లో కూర్చునేవాళ్లం. ఆయన చివరి రెండేళ్లు దగ్గిన దగ్గు దేనివల్లో ఏ డాక్టరూ మాకు చెప్పలేదు, నేనూ చెప్పలేను. కానీ ఆ పీచు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మాస్కు లేకుండా ఇంజను దగ్గరికి వెళ్లావని తెలిస్తే మళ్లీ నీతో మాట్లాడను.

ఇంకొకటి. ఎవరైనా ఉత్సాహంగా "మీకోసం నిప్పు వేసి చూపిస్తాం మేడం" అంటే దండం పెట్టి వచ్చెయ్. ఏళ్ల తరబడి నిలిచిపోయిన బాయిలర్ లోపల ఎంత తిన్నదో పైకి కనపడదు. ఇంజను ముందుండే పొగపెట్టెలో మిగిలిన బూడిదకి వాన తేమ తగిలితే ఆమ్లంలా తయారై రేకుని లోపల్నించి తినేస్తుంది. అందుకే ఫ్యాక్టరీ గేటు ముందు ఏటా రంగు వేసి నిలబెట్టిన ఇంజన్లు కూడా కింది భాగం చిల్లులు పడి ఉంటాయి. బాయిలర్‌లో నీళ్లు, నిప్పు మండే ఫైర్‌బాక్సు పైకప్పు కంటే కిందకి దిగితే ఆ రేకు కాలి మెత్తబడి, లోపలి ఒత్తిడికి విచ్చుకుంటుంది. అలా కాకుండా కాపాడటానికే పైకప్పులో సీసం నింపిన ప్లగ్గు పెడతారు. నీళ్లు తగ్గితే సీసం కరిగి, ఆవిరి నిప్పు మీదకి దూకి హెచ్చరిస్తుంది. ఆ ప్లగ్గుని నమ్ముకోవద్దనేవాడు మీ తాత. గాజు గొట్టంలో నీళ్ల మట్టం చూడకుండా పార ముట్టుకోనిచ్చేవాడు కాదు, ఫైర్‌మన్ ఎంత పెద్దవాడైనా సరే.

ఇక అసలు మాట. ఇది ఇంతవరకు మీ నాన్నకి కూడా చెప్పలేదు.

మీ తాత పోయాక ఆ ఉద్యోగం బదులు నాకు స్టోర్సులో గుమాస్తా పని ఇచ్చారు. ఆయన నడిపిన ఇంజను అప్పటికింకా షెడ్డులోనే ఉంది. తన నీళ్లు తన ఒంటిమీదే మోసే ఆరు చక్రాల చిన్న ట్యాంకు ఇంజను, ఇంగ్లండులో స్టాఫర్డ్ అనే ఊళ్లో తయారైంది. డ్రైవరు నిలబడే క్యాబు పక్కన ఇత్తడి పలక మీద కంపెనీ పేరు, ఊరి పేరు, నాలుగంకెల నంబరు ఉండేవి. ఆ పలకని మీ తాత ఏటా దసరాకి చింతపండుతో తోమేవాడు. చిన్నప్పుడు నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది దాని మీదే, వేలితో దిద్దుతూ. డీజిల్ వచ్చాక ఇంజనుని పక్కకి నెట్టేశారు. భంగార్ వాళ్లు, అంటే పాత ఇనుము అమ్ముకునేవాళ్లు, రాత్రిళ్లు గోడ దూకి ముందు ఇత్తడి, తర్వాత రాగి పట్టుకుపోవడం మొదలుపెట్టారు. పలక కూడా పోతుందని నాకు భయం పట్టుకుంది. ఒక ఆదివారం మీ తాత దగ్గర పనిచేసిన ఫిట్టర్‌ని బతిమాలి నాలుగు బోల్టులూ విప్పించి, పలకని చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చాను. నాన్న గుర్తుని కాపాడుకున్నాననే అనుకున్నాను.

తర్వాత వేలం వేసే పాత సామాను జాబితా తయారుచేసే పని నాకే పడింది. ఇంజను దగ్గర నంబరు అనే గడి వచ్చింది. పలక మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది, నంబరు నాకు కంఠతా వచ్చు. కానీ రాస్తే, పలక ఏదని అడుగుతారు. కంపెనీ సొత్తు ఇంటికి పట్టుకెళ్లిందంటే ఉద్యోగం పోతుంది, అప్పటికి మీ నాన్న ఇంకా స్కూల్లో ఉన్నాడు. ఆ గడిలో ఒక గీత గీసి, "పాత ఆవిరి ఇంజను, పనికిరాదు, ఒకటి" అని రాశాను.

వేలానికి ముందు నాగపూర్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, రైల్వేలో రిటైరైనవాడు. ఇలాంటి ఇంజను ఇంకోటి దొరకదేమో, ఏదో విధంగా ఆపించాలని చూస్తున్నానన్నాడు. కానీ ఇది ఫలానా ఇంజను అని రుజువు చూపాలి కదా. పలక లేదు. కింద పడుకుని చక్రాల్ని కలిపే రాడ్ల మీద జిడ్డు తుడిచి చూశాడు. ఎడమవైపు ఒక నంబరు, కుడివైపు వేరే నంబరు. అంతకుముందు ముక్కలు చేసిన జోడీ ఇంజను రాడ్డుని దీనికి తగిలించారన్నమాట, షెడ్డుల్లో అది మామూలే. బాయిలర్లు కూడా ఇంజన్ల మధ్య మారుతుంటాయి, దాని మీది నంబరూ నమ్మలేం. ఆయన ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడి, "అమ్మా, పలక సంగతి మీకేమైనా తెలుసా?" అని మరాఠీలో అడిగాడు. నేను రిజిస్టరు లోంచి తలెత్తకుండా తెలీదన్నాను.

ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. రెండు నెలలకి గ్యాస్ కటింగ్ వాళ్లు వచ్చారు. స్టోర్సు కిటికీలోంచి నాలుగు రోజులు ఆ వెలుగు కనిపించింది, ఆ వాసన వచ్చింది. నేను అన్నం తినలేకపోయాను. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, ఒంట్లో బాగోలేదనుకుని మిరియాల చారు పెట్టింది.

అందుకే చెబుతున్నాను, ఎక్కడ ఏ చిన్న పలక కనిపించినా, ఊడిపోయేలా వేలాడుతున్నా, వాచ్‌మన్ తీసుకెళ్లమని చేతికిచ్చినా ముట్టుకోకు. ఉన్నచోటే ఫోటో తీయి, ముందు దూరం నుంచి ఇంజనుతో కలిపి, తర్వాత దగ్గర్నుంచి. రెండు వైపుల రాడ్ల నంబర్లూ విడివిడిగా రాయి, ఫ్రేము మీద ఏమైనా కొట్టి ఉందేమో రంగు పొరల కింద చూడు. ఏ నంబరు ఎక్కడ చూశావో రాయకపోతే నంబరు రాసుకున్నా ఒకటే, రాసుకోకపోయినా ఒకటే. చక్రాల లోపలి ముఖాల మధ్య కొలిచి అదే గేజ్, అంటే పట్టాల మధ్య దూరం, అనుకోకు, అది గేజ్ కన్నా తక్కువ వస్తుంది. 1676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ ఇంజనుకి అక్కడ దాదాపు 1600 వస్తుంది. 762, 610 గేజ్ చిన్న ఇంజన్లకీ అంతే, ఎంతో కొంత తగ్గుతుంది.

మేనేజర్ దగ్గరికి వెళ్లేముందు గేటు బయట టీకొట్టు దగ్గర కూర్చో. పాత ఖలాసీలు అక్కడే దొరుకుతారు. వాళ్ల ఇళ్లకి వెళ్తే ఆడవాళ్లని కూడా అడుగు. ట్రంకుపెట్టెల్లో ఏముందో వాళ్లకి తెలుస్తుంది.

మిగిలినవాటి సంగతి చూస్తే ఒక్కోటి ఒక్కో అదృష్టంతో మిగిలింది. గోరఖ్‌పూర్ దగ్గర సర్దార్‌నగర్ చక్కెర మిల్లులో ట్వీడ్, మెర్సీ అని రెండు ఉండేవి, 1873లో షార్ప్ స్టూవర్ట్ కంపెనీ చేసినవి. రైల్వే వద్దనుకున్న ఇంజన్లు మిల్లులో పనిచేస్తూ వందేళ్ల వయసు దాటాయి, ఎందుకంటే చెరకు ఆడే నాలుగైదు నెలలే వాటికి పని, మిగతా కాలమంతా విశ్రాంతి. బొగ్గు గనిలో ఇంజనుకి ఆ భాగ్యం లేదు, పగలూ రాత్రీ పనే. అయినా అస్సాంలో టిపాంగ్ గనిలో రైల్వేలో ఆవిరి పోయాక కూడా చిన్న ఇంజన్లు నడిచాయి. ఢిల్లీ రైల్ మ్యూజియంలో 1953లో హెన్షెల్ చేసిన సింద్రీ ఎరువుల ఫ్యాక్టరీ ఇంజను ఉంది, దానికి నిప్పే లేదు. ఫ్యాక్టరీ బాయిలర్ నుంచి ఆవిరి నింపుకుని తిరిగేది, నిప్పురవ్వ పడితే ప్రమాదమయ్యే చోట్లకి అలాంటివి వాడతారు. నాగపూర్‌లో మోతీబాగ్ నారోగేజ్ మ్యూజియం కూడా ఉంది, 2002లో తెరిచారు. నీ దారిలోదే, ముందు అక్కడ రెండు రోజులు గడిపి ఏ భాగాన్ని ఏమంటారో కళ్లతో నేర్చుకుని అప్పుడు బయటికి వెళ్లు.

ఒంటరిగా మాత్రం భంగార్ యార్డుల్లోకి వద్దు. మీ నాన్న నీతో వస్తానంటే కాదనకు. వాడు నోటితో వద్దంటాడు గానీ, చిన్నప్పుడు ఆ ఇంజను ఈల విని చెప్పులు లేకుండా పరిగెత్తినవాడే.

బయల్దేరేముందు బల్లార్షా రా. సకినాలు చేసి ఉంచుతాను. పలక దించి టేబుల్ మీద పెడతాను, ఇంకా దసరాకి చింతపండుతోనే తోముతున్నాను. బోల్టు రంధ్రాల మధ్య దూరం కూడా కొలువు. నీ నోట్‌బుక్కులో మొదటి పేజీ దానికే ఉంచు. ఇంజను ఎక్కడుంది అన్నచోట "ముక్కలు చేశారు" అని రాయి. ఎలా పోయింది అన్నచోట నా పేరు రాయి, నేను పక్కన సంతకం పెడతాను.

మీ అత్త