లెక్కలు చదవకుండా బీసీఏ చేయొచ్చా?

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ సీఈసీ చదివాను. టెన్త్ తర్వాత లెక్కల పుస్తకం ముట్టలేదు. బీసీఏ అనే కంప్యూటర్ డిగ్రీ చేసి, తర్వాత అందులోనే పీజీ అయిన ఎంసీఏ చదవాలని ఉంది. మా బావ మాత్రం ‘ఎంపీసీ వాళ్ల మధ్య నువ్వు నెగ్గుకురాలేవు, బీకాం కంప్యూటర్స్‌లో చేరు’ అంటున్నాడు. ఇంట్లోనూ అదే మాట. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: ప్రోగ్రామింగ్ మీద మనసుంటే బీసీఏలోనే చేరమ్మా. డిగ్రీ కాలేజీలో ఆ రెండు కోర్సుల పిల్లలకూ పాఠం చెబుతున్నదాన్ని, అందుకే ధైర్యంగా చెబుతున్నాను. బీకాం కంప్యూటర్స్ మంచి కోర్సే. కానీ అందులో సగానికి పైగా కామర్సే ఉంటుంది.

బీసీఏలో లెక్కలుండవని ఎవరైనా చెబితే నమ్మకు. ఉంటాయి. అయితే మీ ఇంట్లోవాళ్లు భయపడుతున్న ఇంటిగ్రేషన్, త్రికోణమితి అక్కడ పెద్దగా ఎదురుకావు. సమితులు, తర్కం, మాత్రికలు, ప్రస్తారాలు, సంభావ్యత, బైనరీ సంఖ్యలు ఎక్కువగా వస్తాయి. మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో లీపు సంవత్సరం ప్రోగ్రాం రాయిస్తాం. సంవత్సరాన్ని 4తో భాగిస్తే శేషం సున్నా రావాలి. 100తో కూడా సున్నా వస్తే అది లీపు కాదు, కానీ 400తోనూ సున్నా వస్తే మళ్లీ లీపే. అందుకే 2000 లీపు సంవత్సరం, 1900 కాదు. ఇందులో ఐదో తరగతి భాగహారం తప్ప ఏముంది? పిల్లలు తడబడేది ఆ ‘అయితే’, ‘కానీ’ల దగ్గరే. అక్కడ ఎంపీసీ పిల్లలూ తడబడతారు.

నీ సీఈసీ వృథా అని కూడా అనుకోకు. డేటాబేస్ సబ్జెక్టులో ట్రాన్సాక్షన్ అనే పాఠం ఉంది. ఒక ఖాతాలో డబ్బు తగ్గితే ఇంకో ఖాతాలో పెరగాలి, మధ్యలో కరెంటు పోతే రెండూ జరగనట్టే ఉండాలి. డెబిట్, క్రెడిట్ రాసి వచ్చిన పిల్లలు దీన్ని చటుక్కున పట్టుకుంటారు. మిగతావాళ్లకు ఉదాహరణల మీద ఉదాహరణలు చెప్పాల్సి వస్తుంది.

ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. తెలుగు అకాడమీ పాత ఇంటర్ పుస్తకాలు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతాయి. ఇంటర్ మొదటి ఏడాది మాథ్స్ పుస్తకాలు 1ఏ, 1బీ; రెండో ఏడాదివి 2ఏ, 2బీ. 1ఏలో ప్రమేయాలు, గణితానుగమనం, మాత్రికలు చదువు. 2ఏలో ప్రస్తారాలు–సంయోగాలు, విస్తరణ కొలతలు, సంభావ్యత చూడు. 1బీ, 2బీ ప్రస్తుతానికి పక్కన పెట్టు. సాధించిన లెక్కలు చదివి ఊరుకోకు, పెన్ను పట్టుకుని చెయ్యి.

ఇక ఎంసీఏ. 2020 నుంచి అది రెండేళ్ల కోర్సు. ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ లెక్కలు చదివి ఉండాలన్నది చాలా ఏళ్లుగా ఉన్న షరతు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఇటీవల దాన్ని సడలించి, లెక్కలు చదవనివాళ్లకు ఆ లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు తప్పనిసరి చేసింది. అయినా ఎంసీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ నువ్వు రాసే ఏడాది, దాని నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ స్వయంగా చదువు, ఎవరో చెప్పింది విని వదిలేయకు. ఐసెట్‌లో 200 ప్రశ్నలకు 75 లెక్కలవే. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, స్టాటిస్టిక్స్ అడుగుతారు. టెన్త్ పునాది గట్టిగా ఉంటే చాలావరకు చేయగలవు. వరంగల్ నిట్‌లో ఎంసీఏ కావాలంటే మాత్రం నిట్‌ల ఎంసీఏ ప్రవేశ పరీక్ష నిమ్‌సెట్ రాయాలి. దానికి డిగ్రీలో మాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ ఒక సబ్జెక్టుగా ఉండాలి, మార్కుల్లో పెద్ద వాటా కూడా మాథ్స్‌దే. ఆ ఆశ ఉంటే బీసీఏ సిలబస్‌లో ఆ పేపరు ఉందో లేదో ఇప్పుడే చూసుకో.

డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు మీ బావను వెంటబెట్టుకుని ఒకసారి కాలేజీకి వెళ్లు. బీసీఏకి ఏ గ్రూపు వాళ్లను తీసుకుంటారో, ల్యాబ్ వారానికి ఎన్ని గంటలో, మాథ్స్ పేపరుకు సొంత లెక్చరర్ ఉన్నారో లేదో అక్కడి సీనియర్ విద్యార్థులను అడుగు. ఆఫీసులో చెప్పని విషయాలు వాళ్లు చెబుతారు.