ముందు పెదవుల సంగతి అడుగు

చిట్టితల్లీ,

మీ అమ్మకు థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేస్తున్నారనీ, ఇంటికి తెచ్చాక నువ్వే సెలవు పెట్టి దగ్గరుండి చూసుకుంటావనీ నిన్న తెలిసింది. సూది కనిపిస్తే నా వెనక దాక్కున్న పిల్లవి! మనసు నిండిపోయింది. ఆ వెంటనే దిగులూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

కుట్లు తడవకుండా చూడటం, మందుల వేళలు డిశ్చార్జి కాగితంలో ఉంటాయి, అలాగే చెయ్యి. మెడ వాచినా, ఊపిరి కష్టమైనా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లు. నా భయమంతా టెటనీ గురించే, అంటే రక్తంలో కాల్షియం తగ్గి కండరాలు బిగుసుకుపోవడం.

థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా 4 ఉంటాయి. రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టేవి అవే. ఆపరేషన్‌లో వాటికి రక్తం సరిగా అందకపోతే కొన్నాళ్లు పనిచేయవు. కాల్షియం తగ్గితే నరాలు ఊరికే ఉలిక్కిపడతాయి, కండరాలు వాటంతటవే బిగుసుకుంటాయి. కాల్షియం ఎక్కువగా ఆపరేషన్ తర్వాత 2 నుంచి 4 రోజుల మధ్య దిగుతుంది, అంటే మీరు ఇంటికి చేరుకునే రోజుల్లోనే. ధనుర్వాతం (టెటనస్) వేరు, టెటనీ వేరు. పేర్లు దగ్గరగా ఉన్నాయని తికమకపడకు.

నర్సుగా చేరిన కొత్తల్లో నేను చేసిన తప్పు విను. ఇలాంటి ఆపరేషనే అయిన ఒకావిడ రెండో రాత్రి నన్ను పిలిచి, "పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందమ్మా, వేళ్ల చివర్లూ మొద్దుబారుతున్నాయి" అంది. ఊపిరి వేగంగా తీస్తోంది. భయమనుకున్నాను. భయంతో వేగంగా ఊపిరి తీసినా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పనికొచ్చే కాల్షియం అందకుండా పోయి, చేతులు ఇలాగే కొంకర్లు పోతాయి. అది చదివిన జ్ఞానం నా దగ్గరుంది కదా! "ఏమీ కాదు, నెమ్మదిగా పీల్చండి" అని కాగితపు సంచి ముక్కుకు పట్టాను. ఇప్పుడది ఎవరూ చేయకూడదంటారు, ప్రాణవాయువు తగ్గుతుంది. తర్వాత బీపీ పట్టీ బిగించాను. కొద్ది నిమిషాలకే ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంగింది. బొటనవేలు అరచేతిలోకి పోయింది, మిగతా వేళ్లు నిటారుగా ఒకదానికొకటి అతుక్కున్నాయి. నేను బుద్ధిలేక వాటిని విడదీయబోయాను. ఆవిడ అరిచింది. ఆ అరుపు వెనకే ఊపిరిలో సన్నని ఈల వినిపించింది. గొంతు కండరాలు బిగుస్తున్నాయి! డాక్టరు పరుగున వచ్చి, ఈసీజీలో గుండె రేఖలు చూస్తూ, కాల్షియం గ్లూకోనేట్ మందును రక్తనాళంలోకి పది నిమిషాలపాటు మెల్లగా ఎక్కించారు. ఒక్కొక్క వేలే తెరుచుకుంది. ఊపిరి కుదుటపడ్డాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ముందే చెప్పాను కదమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

కాబట్టి తిమ్మిరి అంటే తిమ్మిరే. "భయపడుతున్నావు" అని నువ్వు అనవద్దు. వెంటనే డాక్టరుకు ఫోను చేసి, ఆయన చెప్పిన మోతాదులో కాల్షియం ఇవ్వు. ఈల శబ్దం, ఫిట్లు, స్పృహ తప్పడం ఉంటే మాత్రలు, నీళ్లు నోట్లో పోయకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకువెళ్లు.

రాసిన కాల్షియం మాత్ర కాల్షియం కార్బోనేట్ అయితే భోజనంతో పాటు ఇవ్వాలి. థైరాయిడ్ హార్మోనుకు బదులుగా ఇచ్చే థైరాక్సిన్ మాత్రకూ దానికీ 4 గంటల ఎడం ఉండాలి, రెండూ కలిపితే థైరాక్సిన్ ఒంటికి సరిగా పట్టదు. కాల్షియం ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం పరీక్ష చేయించమను. అది తక్కువైతే కాల్షియం కుదురుకోదు. కాల్సిట్రయాల్ (ఒంట్లో నేరుగా పనిచేసే విటమిన్ డి) రాస్తే మానకు, అలాగని నీ అంతట నువ్వు పెంచకు. కాల్షియం ఎక్కువైతే మూత్రపిండాలకు దెబ్బ.

నా చెల్లెలు నొప్పిని నోరు విప్పి చెప్పదు, నీకు తెలుసు. "ఎలా ఉంది" అంటే "బాగానే ఉంది" అంటుంది. అందుకని పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, "పెదవుల చుట్టూ చిమచిమలాడుతోందా?" అని విడిగా అడుగు. రాత్రి రెండింటికైనా ముందు డాక్టరుకు ఫోను చెయ్యి, ఆ తర్వాత నాకు. నేను మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
పెద్దమ్మ