ఎన్నారై సందేహాలు: ఫ్రాన్స్ ఆఫీసులో వీడ్కోలు పార్టీకి ఏం కొనాలి?

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తులూజ్‌లో మూడేళ్ళు పనిచేసి వచ్చే నెల మ్యూనిక్ వెళ్ళిపోతున్నావు. ఆఫీసులో పాతిక మందికి పార్టీ ఇవ్వాలి. నువ్వు మందు ముట్టవు, మాంసం తినవు. ఏ వైన్ కొనాలో, ఏ చీజ్ కొనాలో తెలీక టెన్షన్ పడుతున్నావు. వైన్ గురించి ఏడు ప్రశ్నలు రాశావు, చీజ్ గురించి నాలుగు. ఆ పాతిక మంది గురించి ఒక్క ముక్క రాయలేదు. వాళ్ళలో ఎంతమంది సొంతూరు పేరు నీకు తెలుసు?

నేను ఈ ఊరొచ్చి పదిహేడేళ్ళు. ఇప్పటిదాకా వైన్ ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. అయినా ఇవాళ మా ఆఫీసులో ఎవరు మానేస్తున్నా, బల్ల మీద ఏం పెట్టాలని ఫ్రెంచివాళ్ళే వచ్చి నన్ను అడుగుతారు. రెండుసార్లు గట్టిగా దెబ్బతిన్నాక వచ్చిన తెలివి ఇది. నీకు ఆ దెబ్బలు అక్కర్లేదు కాబట్టి చెబుతున్నాను, ఓపిగ్గా చదువు.

మొదటిది 2011లో. తులూజ్ పక్కనే ఉన్న బ్లాన్యాక్‌లో ఒక చిన్న కంపెనీ, అక్కడ మూడేళ్ళు చేశాను. అంతకుముందు హైదరాబాద్‌లో చేసినప్పుడు ఎవరు మానేసినా టీమే కేకు తెచ్చేది, టీమే బిర్యానీ చెప్పేది, ఫొటోలు తీసేది. వెళ్ళేవాళ్ళు నిలబడి నవ్వితే చాలు. ఇక్కడ తిరగేసి ఉంటుంది. వెళ్ళేవాళ్ళే బల్ల వేయాలి. మిగతావాళ్ళు కవర్లో తలా కొంత వేసి కానుకా కార్డూ ఇస్తారు. ఆ బల్లని ‘పో ద దెపార్’ అంటారు, పొట్టిగా ‘పో’. నాకిదేమీ తెలీదు. ఆఖరి వారంలో పక్క సీటావిడ వచ్చి “నువ్వు పో చెయ్యవా?” అంది. ఫ్రెంచిలో పో అంటే కుండ అని తెలుసు. తెలుగు చెవికి మాత్రం వెళ్ళిపో అన్నట్టే వినిపించింది. ఏమడిగిందో అర్థంకాక, అడగడానికి సిగ్గేసి, “లేదు” అనేశాను.

ఆఖరి రోజు శుక్రవారం. పార్టీ ఉంటుందని పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. నాలుగున్నర నుంచి ఒక్కొక్కరూ కోటు వేసుకోవడం, చెయ్యి కలపడం, “బోన్ కొంతిన్యుయాసియోన్”, అంటే ఇకపైనా అంతా బాగా సాగాలి, అనడం, వెళ్ళిపోవడం. ఐదున్నరకి హాల్లో నేనూ, ఊడ్చే ఆవిడా మిగిలాం. నా కీబోర్డు మీద ఒక కవరు: పుస్తకాల షాపు కూపన్లు, పన్నెండు సంతకాల కార్డు. బస్సులో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను. నాలుగేళ్ళ తర్వాత మార్కెట్లో ఆ పక్క సీటావిడ కనిపించి చెప్పింది: “మాతో గడపడం నీకిష్టం లేదనుకున్నాం. అందుకే నిన్ను ఇబ్బంది పెట్టలేదు.” మూడేళ్ళు పక్కపక్కన కూర్చున్న మనుషులు, తమ్ముడూ. వాళ్ళలో ఒక్కరి ఫోన్ నంబరూ నా దగ్గర లేదు.

రెండోది 2015లో. ఈసారి పో అంటే తెలుసు. తెలిసి ఇంకో గోతిలో పడ్డాను. పరువు నిలబడాలని 30 యూరోల షాంపేన్ ఆరు సీసాలు కొన్నాను. కేటరింగ్ షాపులో పళ్ళేలు చెప్పాను. మొత్తం 400 యూరోలు దాటింది. డబ్బు సంగతి వదిలెయ్, సంపాదించుకుంటాం. జరిగింది చూడు. ఆఫీసు ఫ్రిజ్ చిన్నది, సీసాలు గంట ముందు పెట్టాను. చల్లబడలేదు. మూత తియ్యగానే సగం నురగై కార్పెట్ మీద పోయింది. కీష్ లొరేన్, అంటే గుడ్లూ క్రీమూ పోసి కాల్చే వంటకం, అందరూ తింటారుగదా అని తెప్పిస్తే అందులో పంది మాంసం ముక్కలు. నా పార్టీలో నేనే తినలేకపోయాను. మొరాకో నుంచి వచ్చిన ఇద్దరు కొలీగ్స్ ప్లాస్టిక్ కప్పుల్లో కుళాయి నీళ్ళు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డారు. వాళ్ళ కోసం ఒక జ్యూస్ డబ్బా తేవాలని నాకు తట్టలేదు. మద్యం తాగనిదాన్ని నేను, నాకే తట్టలేదు! ఇప్పటికీ ఆ కప్పులు గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఇంకోటి. గంటన్నరసేపు నేను అందరికీ వీపు చూపించే ఉన్నాను. పళ్ళేలు సర్దడం, గ్లాసులు నింపడం, టిష్యూలు ఏరడం. మన ఇళ్ళలో పెళ్ళివారికి వడ్డించినట్టు. వాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. చిన్న చిన్న ముక్కలుగా కోసి పుల్లలు గుచ్చిన తిండి, నోట్లో వేసుకుంటే అయిపోతుంది. దాని గురించి మాట్లాడుకోవడానికేమీ ఉండదు. అందరూ వెళ్ళాక ఖాళీ పళ్ళేల మధ్య నిలబడితే 2011 శుక్రవారమే మళ్ళీ వచ్చినట్టుంది.

2019లో ఇంకో కంపెనీ నుంచి మారేటప్పుడు ఏమీ కొనకముందే వారం రోజులు కాఫీ మిషన్ దగ్గర అందర్నీ ఒకటే అడిగాను: “మీ ఊరేది? మీ ఊళ్ళో ఇలాంటప్పుడు ఏం పెడతారు?” ఫ్రెంచివాళ్ళు జీతం గురించి చెప్పరు, ఇంటి గొడవలు చెప్పరు. ఊరి తిండి గురించి అడిగితే మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా చెబుతారు. ఒకామె అల్జాస్: వాళ్ళ క్రేమాన్, అంటే బుడగల వైన్, కొనమంది. ఒకతను బ్రిటనీ: ఆపిల్ సైడరు, వెన్న బిస్కెట్లు. ఒకతను ఓవెర్న్: సాన్-నెక్తేర్ చీజ్. ఒరాన్ నుంచి వచ్చిన కుటుంబం అమ్మాయి మక్రూద్ చెప్పింది, రవ్వా ఖర్జూరమూ కలిపి చేసే మిఠాయి. ఇద్దరు ఇక్కడివాళ్ళు, గయాక్ వైన్ తప్ప ఇంకోటి తేవద్దన్నారు. తర్వాత వాళ్ళు నన్ను అడిగారు. మాది యానాం పక్క పల్లె అని, ఆ యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉందని, అక్కడ మాట్లాడేది తెలుగని చెప్పాను. పదకొండేళ్ళుగా ఈ దేశంలో ఉండి, మా ఊరి పేరు ఒక ఫ్రెంచివాడికి చెప్పడం అదే మొదటిసారి.

జురా కొండల నుంచి వచ్చినతను ఒకడున్నాడు, యాభై దాటినవాడు, ఆఫీసులో ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. అతనిది కొంతే చీజ్ ఊరు. పేరు మరిచిపోవు, మన ‘కొంతే’ లాగే పలుకుతారు. ఒక చక్రం 40 కిలోలు తూగుతుంది, దానికి 400 లీటర్ల పాలు కావాలి. ముక్క కొని, కొయ్యకుండా, చెక్కపలక మీద అలాగే పెట్టి, కత్తి అతని చేతికిచ్చాను. కోసిన పలకని కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, మధ్యలో మెరుస్తున్న తెల్లటి చుక్కలు చూపించాడు. ఉప్పనుకుంటారు గానీ చీజ్ బాగా ముదిరితే కట్టే పలుకులవి, పంటి కింద కరకరమంటాయి అన్నాడు. వాళ్ళ నాన్నమ్మ రోజూ పాలు తీసుకెళ్ళి ఊరి ఫ్రుయిత్యేర్‌లో పోసేదట. అంటే ఊరివాళ్ళ పాలన్నీ కలిపి చీజ్ చేసే చోటు. మా నాన్న క్యాను సైకిలుకి కట్టుకుని పాలకేంద్రానికి తీసుకెళ్ళేవాడని నేను చెప్పాను. వెన్న శాతం కొలిచి లెక్క రాసేవాళ్ళన్నాను. “మాకూ అంతే!” అని అతను గట్టిగా అరిచాడు. హాలంతా ఇటు తిరిగింది. ఐదింటికి మొదలైన పో ఎనిమిదింటికి గానీ అవలేదు. ఆయన రిటైరై జురా వెళ్ళిపోయాడు. ఇప్పటికీ జనవరిలో ఫోన్ చేస్తాడు.

అందుకని నీ పదకొండు ప్రశ్నలకీ ముందు నా మాట ఇది: ఊళ్ళు అడుగు. అడిగాక కొనాల్సిన జాబితా సగం దానంతటదే తయారవుతుంది. మిగతా సగం నేను చెబుతాను.

షాంపేన్ జోలికి పోకు. బుడగల వైన్ కావాలంటే క్రేమాన్ తీసుకో. షాంపేన్‌లాగే సీసాలోనే రెండోసారి పులియబెడతారు, వేరే ప్రాంతంలో చేస్తారు కాబట్టి ఆ పేరు పెట్టకూడదు, అంతే. నేను కొన్నవి సీసా 8 నుంచి 10 యూరోలు. తులూజ్‌లో ఉన్నావు కాబట్టి బ్లాంకెత్ ద లిమూ ఇంకా మంచిది. లిమూ పక్కన సాన్-తిలేర్ మఠంలో 1531లోనే బుడగల వైన్ చేశారని, షాంపేన్ కన్నా మాదే ముందని ఇక్కడివాళ్ళు గర్వంగా చెబుతారు. ఆ సీసా పెట్టి ‘నిజమేనా?’ అని అడుగు, పావుగంట కబుర్లు గ్యారంటీ. సీసా మీద బ్రూట్ అని ఉంటే తీపి తక్కువ, దెమీ-సెక్ అంటే తీపి. ఉప్పటి తిండికి బ్రూట్ తీసుకో. పొద్దున్నే ఫ్రిజ్‌లో పెట్టెయ్, ఎనిమిది పది డిగ్రీలకి రావాలి. రెడ్ వైన్‌కి ఫ్రోన్తోన్ తీసుకో, ఊరికి ఉత్తరాన పక్కనే పండే నెగ్రెత్ ద్రాక్షతో చేస్తారు. రెడ్‌ని ఫ్రిజ్‌లో పెట్టకు.

సీసాకి ఆరేడు గ్లాసులు వస్తాయి. పాతిక మందికి అన్నీ కలిపి ఎనిమిది సీసాలు చాలు. సూపర్‌మార్కెట్లో అరల ముందు నిలబడి ఫోన్లో రేటింగులు చూడకు, మీ వయసువాళ్ళందరూ చేసే పని అది. వైన్ అమ్మే చిన్న షాపుకి వెళ్ళు. అతన్ని కావిస్ట్ అంటారు. “పాతిక మంది, సాయంత్రం ఐదింటికి, చీజూ బ్రెడ్డూ, సీసా 10 యూరోలు దాటకూడదు, నేను తాగను” అని ఉన్నదున్నట్టు చెప్పు. తాగనని చెప్పడానికి నేను ఏళ్ళపాటు సిగ్గుపడ్డాను. చెప్పినరోజు అతను ఇంకా శ్రద్ధగా ఎంచి ఇచ్చాడు.

వైన్‌కి ఎంత ఆలోచిస్తావో జ్యూస్‌కీ అంతే ఆలోచించు. మంచి ఆపిల్ జ్యూసు, ద్రాక్ష జ్యూసు, గ్యాస్ నీళ్ళు, వైన్ పక్కనే, అవే గాజు గ్లాసుల్లో. నీ చేతిలో కూడా అదే గ్లాసు ఉండాలి. గ్లాసు తగిలించేటప్పుడు ఇక్కడ కళ్ళలోకి చూస్తారు. నువ్వు కిందకి చూస్తే నీకు ఇష్టం లేదనుకుంటారు. మనం పెద్దవాళ్ళ ముందు తల దించుకుని పెరిగినవాళ్ళం, ఈ ఒక్కటీ ఇంట్లో అద్దం ముందు ప్రాక్టీస్ చెయ్యి.

చీజులు మూడు రకాలు చాలు, మొత్తం కిలోన్నర. ఒకటి గట్టిది, ఒకటి బ్రీ లాంటి మెత్తనిది, ఒకటి మేకపాలది. గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టు, చల్లగా ఉంటే రుచి తెలీదు. కొయ్యకుండా పెట్టు, కోసే పని వాళ్ళకి వదిలెయ్. బ్రీ ముక్క కొస మాత్రం నువ్వు అడ్డంగా కోసుకోకు. అందరికీ అందులో వాటా ఉండాలంటారు, పొడుగ్గా కోస్తారు. నువ్వు శాకాహారివి కాబట్టి ఇదొకటి తెలుసుకో: కొంతే, రోక్ఫోర్ లాంటివి జంతువుల కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొడతారు. పట్టింపు ఉంటే నువ్వు తినకు, వాళ్ళకి పెట్టు. బ్రెడ్ మీద రాసుకునే తాపెనాద్‌లో ఆలివ్‌లతో పాటు చేపలుంటాయి. చిన్న గ్లాసుల్లో వచ్చే మూస్‌లలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉండొచ్చు. బోర్డో కాన్లే అనే చిన్న కేకుల్లో రమ్ పోస్తారు. బేకరీలో ప్రతిదీ అడిగి తీసుకో.

బ్రెడ్‌కి బాగెత్ ‘త్రాదిసియోన్’ అని అడుగు, ఏడెనిమిది, అదే రోజు మధ్యాహ్నం. మన వంట ఒక్కటే పెట్టు. నేను మసాలా వడలు చేశాను, పచ్చిమిర్చి సగానికి తగ్గించి. ఐదారు రకాలు చేసుకుని తెల్లవారుజాము నుంచి వంటింట్లో ఉంటే సాయంత్రానికి మాట్లాడే ఓపిక ఉండదు. నువ్వు పెట్టే ఖర్చంతా నాలుగు మాటలు మాట్లాడటానికే కదా!

రూల్స్ నువ్వే చూసుకో. ఆఫీసులో వైన్, బీరు, సైడరు, పియర్ పండ్ల సైడరు తప్ప వేరే మద్యం చట్టప్రకారం కుదరదు. కొన్ని కంపెనీలు అవీ వద్దంటాయి. హెచ్.ఆర్.ని ముందే అడుగు. కారులో వచ్చినవాళ్ళకి లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్ పరిమితి, కొత్త లైసెన్సువాళ్ళకి 0.2.

మంగళవారమో గురువారమో పెట్టు. శుక్రవారం సగంమంది ఇంటి నుంచే పని, బుధవారం పిల్లల తల్లులుండరు. సీసా మూతలు తీసే పరికరం రెండు కొను. గ్లాసులు నింపే పని ఒక కుర్రాడికి అప్పజెప్పు, నువ్వు మాత్రం బల్ల వెనక్కి వెళ్ళకు, అందరి మధ్యలో నిలబడు. వీడ్కోలు మాటలు రెండు నిమిషాలు, రాసుకుని వెళ్ళు. ఎవరైనా మూల ఒంటరిగా నిలబడి ఉంటే, చీజ్ పలక తీసుకుని ముందు వాళ్ళ దగ్గరకి వెళ్ళు.

నీకింకా ఇరవై పనిదినాలున్నాయి, మనుషులు పాతిక మంది. రేపు కాఫీ మిషన్ దగ్గర ఇద్దర్ని అడుగు.